సెలవుల పట్టికలో ఖాళీ గడులు

ప్రయాణానికి ముందు ప్రయాణమంత పని ఉంటుందని మన పెద్దలకు బాగా తెలుసు. కాశీయాత్రకు బయలుదేరేవాడు మంచిరోజు చూసుకునేవాడు, అప్పులు తీర్చుకునేవాడు, ఇల్లూ పొలమూ నమ్మకస్థులకు అప్పగించేవాడు. తిరుపతి మొక్కు తీర్చుకోదలచిన కుటుంబంలో ముడుపు కట్టిన నాటినుంచే ప్రయాణం మొదలయ్యేది. దారిలో పాడవని తిండి ఏది, ఇంట్లో ముసలివారిని ఎవరు కనిపెట్టుకొని ఉంటారు, పశువులకు మేత ఎవరు వేస్తారు అన్న ప్రశ్నలకు సమాధానాలు దొరికిన తరువాతే బండి కదిలేది. నేటి విహారయాత్రలలో మొక్కులూ ముడుపులూ లేకపోవచ్చు గాని, ఆ ప్రశ్నలు మాత్రం మారలేదు. ఎవరు వస్తారు? ఎవరు ఎంత దూరం నడవగలరు? ఏమి తింటారు? ఎంత ఖర్చవుతుంది? ఇంటిల్లిపాదికీ సెలవు దొరికే వారమూ, లోకమంతా అదే చోటికి బయలుదేరే వారమూ ఒకటే అయినప్పుడు ఈ ప్రశ్నలు మరింత జటిలమవుతాయి.

2024 డిసెంబరులో ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. అప్పుడు నేనూ, నా భార్యా అమెరికాలోని అట్లాంటా నగరంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాము. అక్కడికి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో సమీపాన, వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. క్రిస్మస్ పండుగకూ నూతన సంవత్సరానికీ మధ్య వచ్చే వారంలో అందరం కలిసి అక్కడికి వెళ్ళాలని మా అబ్బాయి సంకల్పించాడు. ఏడాది మొత్తంలో ఆ వినోదవనాలు మిక్కిలి కిక్కిరిసి ఉండే రోజులలో అవి కూడా ఉన్నాయి. అయినా మాకు వేరే వారం లేదు. పిల్లల బడులకు సెలవులు అప్పుడే. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. పండుగలనాడు కూడా వంతుల వారీగా పనిచేయవలసిన ఉద్యోగం. ఆ ఏడాది నవంబరులో వచ్చిన థ్యాంక్స్ గివింగ్ పండుగనాడు ఆమె విధులు నిర్వహించింది కనుక క్రిస్మస్ వారం సెలవు లభించింది. జనవరి రెండవ వారంలో మా తిరుగు ప్రయాణం. నాకు డెబ్బై ఏళ్ళు నిండాయి. నా భార్యకు మోకాళ్ళ అరుగుదల. మళ్ళీ ఇంత దూరం రాగలమో లేదో అన్న మాట ఎవరూ పైకి అనలేదు గాని, అది అందరి మనసుల్లోనూ ఉంది.

ఇటువంటి వినోదవనం పుట్టుకకు మూలం కూడా ఒక కుటుంబ సమస్యే కావడం విశేషం. వాల్ట్ డిస్నీ (1901–1966) బొమ్మల చలనచిత్రాల నిర్మాతగా లోకప్రసిద్ధుడు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. వారు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఆయన వారిని లాస్ ఏంజెలెస్ నగరంలోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నమెక్కి తిరుగుతూ ఉంటే, తండ్రి ఒక బల్లమీద కూర్చొని చూస్తూ ఉండేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించగల చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన తనకు ఆ బల్లమీదనే కలిగిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ ఆలోచనే 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్‌గా రూపుదాల్చింది. ప్రారంభోత్సవం నాడు అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది వచ్చారు. దొంగ టిక్కెట్లు చూపి లోపలికి వచ్చినవారూ ఉన్నారు. ఎండకు తారు మెత్తబడి స్త్రీల ఎత్తుమడమల చెప్పులు దిగబడ్డాయని ఆనాటి కథనాలు చెబుతాయి. అంటే జనసమ్మర్దం ఈ వనాలకు తొలినాటినుంచీ తోడబుట్టినదే.

ఆ అనుభవం తరువాత డిస్నీ ఫ్లోరిడాలో వేలాది ఎకరాల నేలను సమకూర్చుకున్నాడు. 1965లో ఆ నిర్మాణాన్ని లోకానికి ప్రకటించాడు. అది పూర్తికాకుండానే మరుసటి ఏడాది ఆయన మరణించాడు. అన్నగారైన రాయ్ డిస్నీ తన విశ్రాంతిని వాయిదా వేసుకొని ఆ పనిని నడిపించాడు. 1971 అక్టోబరు 1న మొదటి వనమైన మ్యాజిక్ కింగ్‌డమ్ తెరుచుకున్నది. తరువాత 1982లో ఎప్‌కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచే వనం, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వెలిశాయి. నాలుగు వనాలు, వాటి మధ్య మైళ్ళకొద్దీ దారులు. ఒక్కొక్క వనానికి ఒక్కొక్క రోజు కేటాయించినా చూడవలసినవి మిగిలిపోతూనే ఉంటాయి.

మా ఇంట్లో ఈ ప్రయాణ బాధ్యతను నా మనుమడు స్వీకరించాడు. పదిహేనేళ్ళ వాడు. గదిలోనుంచి బయటికి రావడమే అరుదు. వచ్చినా చెవులలో ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. అటువంటివాడు వారం రోజులు శ్రమించి కంప్యూటరులో ఒక పట్టిక తయారుచేశాడు. అడ్డంగా రోజులు, నిలువుగా గంటలు. ఒక్కొక్క గడి పదిహేను నిమిషాలు. నాలుగు రోజులు, నాలుగు వనాలు, నలభై ఒక్క రైడు. ఏ రైడుకు ఎప్పుడు వెళ్ళాలి, ఒక చోటినుంచి మరొక చోటికి ఎన్ని నిమిషాల నడక, ఎక్కడ నీళ్ళు తాగాలి అన్నవన్నీ రంగురంగుల గడులలో పొందుపరచాడు. ఉదయం 5:45కు నిద్రలేవాలి. మధ్యాహ్న భోజనానికి ఇరవై నిమిషాలు. ఆ పట్టికలో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. వాడి శ్రద్ధను చూసి నాకు సంతోషం కలిగింది. ముప్పై ఏళ్ళపాటు జూనియర్ కళాశాలలో గణితం బోధించిన నాకు ఆ పట్టికను ఒకసారి పరీక్షించాలన్న కోరిక కూడా కలిగింది.

వరుసలలో నిరీక్షణకు ఒక గణితశాస్త్రం ఉంది. డెన్మార్కు దేశస్థుడైన ఏ.కె. ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపులను గురించి ప్రకటించిన పరిశోధనతో అది మొదలయింది. 1961లో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు ఒక సులభమైన సూత్రాన్ని నిరూపించాడు. ఒక వరుసలో ఉన్నవారి సగటు సంఖ్య, గంటకు వచ్చి చేరేవారి సంఖ్యనూ ఒక్కొక్కరు అందులో గడిపే సగటు కాలాన్నీ హెచ్చవేసిన లబ్ధానికి సమానం. ఒక రైడు గంటకు 1,200 మందిని ఎక్కించుకోగలదనుకుందాం. మన ముందు 1,800 మంది ఉంటే మన వంతు రావడానికి గంటన్నర పడుతుంది. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. ఊహకు అందనిది మరొకటి ఉంది. గంటకు సగటున 60 మందికి టిక్కెట్లివ్వగల కిటికీ ఒకటి ఉందనుకుందాం. మనుషులు ఒక క్రమం లేకుండా వస్తూ ఉంటారు. ఒక్కొక్కరికి పట్టే కాలం కూడా ఒకే తీరుగా ఉండదు. అప్పుడు గంటకు 48 మంది వస్తే సగటు నిరీక్షణ 4 నిమిషాలు. 54 మంది వస్తే 9 నిమిషాలు. 57 మంది వస్తే 19 నిమిషాలు. వచ్చేవారు తొమ్మిదిమందే పెరిగారు. నిరీక్షణ మాత్రం దాదాపు అయిదు రెట్లయింది. కిటికీకి తీరిక తగ్గినకొద్దీ చిన్న ఆలస్యం కూడా సర్దుకునే వీలులేక, వెనక ఉన్నవారందరి మీదా పడుతుంది. పండుగ వారంలో వినోదవనం పరిస్థితి అదే.

ఈ లెక్కను కాగితం మీద వేసి మనుమడికి చూపించాను. వాడు చాలాసేపు అంకెలవైపు చూసి, "అయితే తాతయ్యా, నా పట్టిక కూడా ఆ కిటికీలాంటిదేనా?" అని అడిగాడు. నిజానికి అంతే. గడులన్నీ నిండిన పట్టికలో ఉదయం పదిగంటలకు పది నిమిషాల ఆలస్యం జరిగితే సాయంకాలానికి ఆ ఆలస్యం గంటలకు పెరుగుతుంది. నా ప్రశంసకంటే ఆ అంకెలే వాడికి ఎక్కువ నచ్చినట్లు కనిపించింది. అయితే ఎన్ని గడులు ఖాళీ చేయాలి, వేటిని ఖాళీ చేయాలి అన్నది గణితం చెప్పలేకపోయింది.

అది చెప్పినది నా భార్య. రాత్రి భోజనాల తరువాత మనుమడు తన పట్టికను పెద్ద తెరమీద చూపిస్తూ వివరించాడు. ఆమె కళ్ళజోడు సవరించుకొని ఆసాంతం చూసింది. రంగులు బాగున్నాయని మెచ్చుకుంది. ఆ తరువాత మెల్లగా, "ఇందులో నేను కూర్చునే గడి ఏది నాన్నా?" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె నవ్వుతూనే, "నాకోసం మీరెవరూ ఆగవద్దు. మీరు వెళ్ళిరండి. నేను ఇంట్లో దీపం పెట్టుకొని, తలుపు వేసుకొని ఉంటాను. నాలుగు రోజులు ఎంతలో గడుస్తాయి?" అన్నది. మా అబ్బాయి, "అమ్మా, నువ్వు రాకపోతే ఈ ప్రయాణమే లేదు" అన్నాడు. మాట కటువుగా వచ్చింది. కంఠం మాత్రం గద్గదమయింది. మనుమడు తెర ఆపివేసి తలవంచుకున్నాడు. వారం రోజుల శ్రమ వ్యర్థమయిందన్న బాధ ఒకవైపు, నాయనమ్మను లెక్కలోకి తీసుకోలేదన్న చిన్నతనం మరొకవైపు వాడి ముఖంలో కనిపించాయి.

చిక్కుముడిని విప్పినది మా కోడలు. "మామయ్యగారూ, ఆసుపత్రిలో ఒకేసారి పదిమందికి మా అవసరం వస్తుంది. అందరికీ అన్నీ చేయలేం. ఎవరికి ఏది తప్పనిసరో ముందు తెలుసుకుంటాం. ఇక్కడ కూడా అలాగే చేద్దాం" అని తలకొక కాగితం ముక్క ఇచ్చింది. ఒకవైపు, అది లేకపోతే వెళ్ళినా వెళ్ళనట్టే అనిపించే కోరిక ఒక్కటి రాయాలి. రెండవవైపు, ఇతరుల కోసం సంతోషంగా వదులుకోగలిగినది ఒకటి రాయాలి. ఎవరి కాగితం వారు రాసి ఒక గిన్నెలో వేశాము.

మనుమడి కోరిక స్పేస్ మౌంటెన్. చీకటిలో వేగంగా దూసుకుపోయే రైడు అది. వదులుకునేది, రెండు వనాలు. ఒక్కమాటతో పట్టికలో సగం తీసివేశాడు. ఆరేళ్ళ మనుమరాలి కోరిక ఏడుగురు మరుగుజ్జుల గని బండి. కాగితం రెండవవైపున, "ఏమీ వదలను" అని తల్లిచేత రాయించింది. కోడలి కోరిక, గడియారం మోగకుండా ఒక్క ఉదయం నిద్రపోవడం. నేను యానిమల్ కింగ్‌డమ్‌లోని పులులను కోరుకున్నాను. అక్కడ మన ఉపఖండపు ఊళ్ళను తలపించేలా కట్టిన ఊహానగరం పేరు ఆనందపూర్ అని తెలిసి, ఆ పేరే నన్ను ఆకర్షించింది. నా భార్య, "బొమ్మల పడవ" అని రాసింది. ప్రపంచ దేశాల పిల్లల వేషాలలో ఉన్న బొమ్మలు పాడుతూ ఉంటే, వాటి మధ్యగా పడవ సాగిపోయే రైడు అది. 1964–65లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం దానిని మొదట నిర్మించారు. ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఆమెకు ఆ దృశ్యం నచ్చడం సహజమే.

చివరగా మా అబ్బాయి కాగితం. అందులో, "అమ్మతో రంగులరాట్నం" అని ఉంది. వాడి చిన్నతనంలో ప్రతి ఏడూ మా ఊరి జాతరకు వెళ్ళేవాళ్ళం. రంగులరాట్నం దగ్గర ఎప్పుడూ ఒక్క టిక్కెట్టే కొనేవాళ్ళం. వాడు గుర్రమెక్కి తిరుగుతూ ఉంటే, వాళ్ళమ్మ వాడి చెప్పులు చేతపట్టుకొని కింద నిలబడేది. ఆ సంగతి వాడికి గుర్తున్నదని మాకు ఆనాటివరకు తెలియదు. నా భార్య ఆ కాగితాన్ని మడిచి కొంగుకు ముడి వేసుకున్నది. ఇంట్లో ఉండిపోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

కోరికలు తేలిన తరువాత ప్రణాళిక సులభమయింది. నాలుగు వనాలు రెండయ్యాయి. నలభై ఒక్క రైడు పదకొండుకు దిగింది. 26న బయలుదేరడం, 27న మ్యాజిక్ కింగ్‌డమ్, 28న పూర్తి విశ్రాంతి, 29న యానిమల్ కింగ్‌డమ్, 30న తిరుగు ప్రయాణం. ఖర్చు విషయం కూడా పిల్లల ముందే మాట్లాడుకున్నాము. 2018 నుంచి ఆ వనాలలో టిక్కెట్టు ధర తేదీని బట్టి మారుతున్నది. ఆ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు పెద్దవారి ఒక్కరోజు టిక్కెట్టు 180 డాలర్లు దాటింది. ఆరుగురికీ కలిపి ఒక రోజుకు వెయ్యి డాలర్లకు పైమాటే. అప్పటి మారకం ప్రకారం మన లెక్కలో 85 వేల రూపాయలకు మించిన మొత్తం. ఎక్కువ రోజుల టిక్కెట్లు కలిపి కొంటే రోజుకు పడే ధర కొంత తగ్గుతుంది గాని, మొత్తం తగ్గదు. రెండు రోజులు తగ్గించుకోవడం వల్ల ఎంత మిగిలిందో మనుమడే లెక్కకట్టాడు.

వరుసను తప్పించుకునే మార్గాలు కూడా ఉన్నాయి. 1999లో ప్రవేశపెట్టిన ఫాస్ట్‌పాస్ పద్ధతి ఉచితం. 2020లో అది నిలిచిపోయింది. 2021లో దాని స్థానంలో రుసుము చెల్లించే పద్ధతి వచ్చింది. 2024 జూలై నుంచి లైట్నింగ్ లేన్ పేరుతో ముందుగానే వేళలు ఎంచుకునే ఏర్పాటు జరిగింది. డిస్నీ వారి హోటళ్ళలో దిగేవారు ఏడు రోజుల ముందు, ఇతరులు మూడు రోజుల ముందు ఉదయం ఏడు గంటలకు వేళలు ఎంచుకోవచ్చు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమూ, సర్వదర్శనమూ వేరువేరు వరుసలుగా సాగడం చూసిన మనకు ఈ ఏర్పాటు కొత్తకాదు. అయితే రైడు ఎక్కించుకోగల సంఖ్య మారదు కనుక, ఒక వరుస వేగంగా కదిలితే రెండవ వరుస ఆ మేరకు నెమ్మదిస్తుంది. ఈ సంగతిపై తండ్రీకొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. చివరకు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మాత్రం ఆ రుసుము చెల్లించాలని నిశ్చయించారు. మేము బయటి హోటలులో దిగుతున్నాము కనుక 24వ తేదీ ఉదయం ఏడు గంటలకు ఇద్దరూ రెండు ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. గని బండికీ, స్పేస్ మౌంటెన్‌కూ తగిన వేళలు దొరికాయి.

చిన్న విషయాలు పెద్ద విషయాలకంటే ఎక్కువ శ్రద్ధను కోరాయి. రైడులకు ఎత్తు నిబంధనలు ఉంటాయి. మనుమరాలిని గోడకు ఆనించి కొలిచాము; 41 అంగుళాలు. గని బండికి 38 అంగుళాలు చాలు. స్పేస్ మౌంటెన్‌కు 44 ఉండాలి. అక్కడికి వెళ్ళి ద్వారం దగ్గర ఏడవడం కంటే ఇంట్లోనే ఆ సంగతి తెలియడం మేలని కోడలు భావించింది. పాప ఏడ్చింది, గోడమీద 44 అంగుళాల దగ్గర గీత గీసిన తరువాత ఊరడిల్లింది. గాజు పాత్రలు కాకపోతే బయటి తినుబండారాలను లోపలికి తీసుకువెళ్ళవచ్చునని తెలిసి నా భార్య వంటింట్లోకి ప్రవేశించింది. పులిహోర, జంతికలు, సున్నుండలు సిద్ధమయ్యాయి.

మిగిలినది చక్రాల కుర్చీ. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కారు నిలిపే చోటునుంచి ద్వారం చేరడానికే పెద్ద సరస్సును పడవలోనో, మోనోరైలులోనో దాటాలి. లోపల మైళ్ళకొద్దీ నడక. అయినా ఆమె ససేమిరా అన్నది. "నాకేమైందని కుర్చీ? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని ప్రశ్నించింది. ఎవరి మాటా సాగలేదు. మనుమడు మాత్రం, "నాయనమ్మా, అది నీకోసం కాదు. సంచులు మోయడానికి. పులిహోర డబ్బా చాలా బరువు. దారిలో నీకు ఎప్పుడైనా అనిపిస్తే సంచులు నేను మోస్తాను, నువ్వు కూర్చో" అన్నాడు. తెలుగు మాటల కోసం తడుముకుంటూ వాడు చెప్పిన ఆ మాటలకు ఆమె ఇక ఎదురు చెప్పలేదు.

జనసమ్మర్దంలో తప్పిపోవడం గురించి కూడా ఆలోచించాము. 1991 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళినప్పుడు మా అమ్మ నా కుమారుడి చొక్కా జేబులో మా ఊరూ పేరూ రాసిన కాగితం పెట్టి, పిన్నీసుతో బిగించింది. ఇప్పుడు ఆ కుమారుడే తన కూతురి చేతికి ఫోను నంబరు రాసిన పట్టీ కట్టాడు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో అందరికీ చెప్పాడు. పద్ధతులు మారుతాయి గాని భయాలు మారవు, ప్రేమలూ మారవు.

27వ తేదీ తెల్లవారుజామున బయలుదేరి, ద్వారాలు తెరిచే వేళకు ముందే చేరుకున్నాము. మొదటి రెండు గంటలు వరుసలు పొట్టిగా ఉంటాయన్నది మనుమడి పరిశోధన, అది నిజమయింది. గని బండిలో చిన్నదాని కేరింతలు నాకు బయటికి వినిపించాయి. బొమ్మల పడవలో నా భార్య ప్రతి దేశపు బొమ్మనూ వేలితో చూపిస్తూ, "మన సంక్రాంతి కొలువును నీళ్ళమీద పెట్టినట్టుంది" అన్నది. ఆ తరువాత రంగులరాట్నం. 1917లో తయారైన పాతకాలపు రాట్నం అది. గుర్రాల మధ్య కూర్చోవడానికి వీలుగా ఒక రథం కూడా ఉంది. అందులో తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. సంచులు పట్టుకొని కింద నిలబడటం ఈసారి నా వంతయింది. రాట్నం తిరిగినంతసేపూ ఇద్దరూ ఒక్కమాట కూడా మాట్లాడుకోలేదట.

మధ్యాహ్నానికి ఎటుచూసినా మనుషులే. సరిగ్గా అప్పుడే మనుమరాలు నాయనమ్మ ఒడిలో నిద్రపోయింది. పాత పట్టిక ప్రకారమైతే ఆ సమయంలో మూడు రైడులు ఉండాలి. కొత్త పట్టికలో అక్కడ ఆరు ఖాళీ గడులు ఉన్నాయి. ఎవరికీ విసుగు కలగలేదు. అబ్బాయీ కోడలూ తీరికగా తిరిగివస్తామని వెళ్ళారు. నీడలో ఉన్న ఒక బల్లమీద నేనూ, మనుమడూ, పక్కనే చక్రాల కుర్చీలో వాడి నాయనమ్మా కూర్చొని పులిహోర తిన్నాము. సంచులన్నీ వాడి భుజాన ఉన్నాయి. వాడు చెవులలోని యంత్రాలు తీసి జేబులో వేసుకున్నాడు. జాతరలో తన తండ్రి ఏ రంగు గుర్రమెక్కేవాడని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఊరు, చెరువు, జాతర, ఆ ఊరి మనుషులు, వారి పేర్లు. వాడికి తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపి అర్థం అడిగాడు. ఆరునెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్నా వారిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు.

28న కోడలు తొమ్మిదిన్నరకు నిద్రలేచింది. 29న నేను ఆనందపూర్‌లో పులులను చూశాను. అవి నావైపు కన్నెత్తి చూడకుండా ఎండలో పడుకొని ఉన్నాయి. విశ్రాంతి విలువ వాటికి ఎవరూ బోధించనక్కరలేదు.

పరీక్షల ముందు విద్యార్థులు వేసుకునే కాలపట్టికలను నేను ఎన్నో ఏళ్ళు చూశాను. తెల్లవారుజామున నాలుగునుంచి రాత్రి పదకొండువరకు ఒక్క నిమిషం కూడా వృథా పోకుండా వేసుకున్న పట్టికలు మూడవనాటికి గోడమీద అలంకారాలుగా మిగిలిపోయేవి. ఒక జ్వరం, ఒక చుట్టం, అర్థంకాని ఒక పాఠం చాలు, అంతా తారుమారు కావడానికి. కాస్త తీరిక ఉంచుకున్న పట్టికలే చివరిదాకా నిలిచేవి. అన్నీ చూడాలనుకోవడం, అన్నీ చదవాలనుకోవడం దురాశ కాదు, అది ఉత్సాహం. కాని కాలం పరిమితమైనప్పుడు ఏది వదులుకోవాలో ఉత్సాహం చెప్పదు. మనతో నడిచేవారిని అడిగి తెలుసుకోవాలి. నలుగురు కలిసి చేసే ప్రయాణానికి వేగాన్ని నిర్ణయించవలసింది అందరికంటే నెమ్మదిగా నడిచేవారే.

అట్లాంటాకు తిరిగివచ్చిన తరువాత మనుమడు ఆ పట్టికను చెరిపివేయలేదు. వెళ్ళినప్పుడు ఖాళీగా ఉన్న గడులలో జరిగినవి రాసిపెట్టాడు. 27వ తేదీ మధ్యాహ్నం దగ్గర ఆరు గడులను ఒక్కటిగా కలిపి, వంకరటింకర తెలుగు అక్షరాలలో, "నాయనమ్మ – జాతర కథ – గంటన్నర" అని నింపాడు. ఆ గడికి మాత్రం ఏ రంగూ వేయలేదు.